కడుపునొప్పి అని రాయని హెడ్డుగారు

హెడ్డుగారు పోయారు. పోయిన వారం ఒకరోజు పొద్దున ఆఫీసుకు వెళ్దామని కొత్తగూడ జంక్షన్లో క్యాబ్ కోసం నిలబడి ఉంటే వాళ్ళావిడ ఫోన్ చేసింది. ఆవిడ నాకు ఫోన్ చేయడం అదే మొదటిసారి. "బిడ్డా, మీ సారు పోయిండు" అంది. తర్వాత మాట్లాడలేకపోయింది. ఫోన్ ఇంకెవరో అందుకుని గుండెపోటనీ, స్నానానికని లేచి గుమ్మం దగ్గరే కూలబడ్డారనీ, దవాఖానకు తీసుకుపోయే లోపలే అయిపోయిందనీ చెప్పారు. ఫ్లైఓవర్ కింద హారన్ల మోతలో సగం మాటలు వినబడలేదు. వినబడినవి చాలు.

మీకు ఆయన తెలిసే అవకాశం లేదు. పేపర్లో ఫోటో పడే మనిషి కాదు. సైబరాబాద్‌లో ఒక పోలీస్ స్టేషన్లో హెడ్ కానిస్టేబుల్‌గా చేసి రిటైరయ్యారు. ఆత్మహత్యకు ప్రయత్నించి బతికినవాళ్ళు ఆసుపత్రిలో చేరితే, ఆసుపత్రివాళ్ళు స్టేషన్‌కు కబురు పెడతారు. స్టేషన్ నుంచి ఒకరు వెళ్ళి వాళ్ళ వాంగ్మూలం రాసుకు రావాలి. ఎవరూ ఇష్టపడి చేసే డ్యూటీ కాదది. ఉద్యోగంలో ఆఖరి కొన్నేళ్ళు ఆ డ్యూటీ ఎక్కువగా ఆయన మీదే పడింది. మా ఇంటికి ఆయన పరిచయమైంది కూడా అలాగే. మా తమ్ముడి మంచం దగ్గర.

ఈ ముక్క ఇలా బయటికి అనడానికి మా ఇంట్లో చాలాకాలం పట్టింది. సారు గురించి రాస్తే ఇది దాచి రాయొద్దన్నది తమ్ముడే.

అప్పట్లో తమ్ముడు హైటెక్ సిటీలో ఒక కంపెనీలో పనిచేసేవాడు. కొత్తగూడలో స్నేహితులతో కలిసి ఫ్లాట్ తీసుకుని ఉండేవాడు. నేనుండేది కొండాపూర్లో, నడిచి వెళ్ళేంత దూరం. ఆ స్నేహితులే వాడిని ఆసుపత్రికి చేర్చి నాకు ఫోన్ చేశారు. అమ్మ రాజమండ్రి నుంచి పడుతూ లేస్తూ వచ్చింది. ప్రాణం దక్కిందని డాక్టర్లు చెప్పి వాడిని గదిలోకి మార్చాక, రిసెప్షన్లో అమ్మాయి మెల్లగా అంది, పోలీసులు వస్తారు మేడమ్, రూలు అని. అప్పటిదాకా దేవుళ్ళకు మొక్కుకుంటున్న అమ్మ ఆ మాటతో మొక్కులు ఆపేసి నా చెయ్యి పట్టేసుకుంది. కొడుకు బతికాడన్న సంతోషం పట్టుమని పూట కూడా నిలవలేదు పాపం.

కూకట్‌పల్లి నుంచి మా మావయ్య వచ్చాడు. అమ్మకు అన్న. రెవెన్యూలో చేసి రిటైరైన మనిషి. ఏ కాగితం మీద ఏం రాస్తే ఏమవుతుందో తనకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదని ఆయన నమ్మకం. మమ్మల్నందరినీ వరండాలో ఒక మూలకు పోగేసి పాఠం చెప్పాడు.

"కడుపునొప్పి. అంతే. ఎన్నాళ్ళ నుంచో కడుపునొప్పి, మందులు వాడినా తగ్గలేదు, భరించలేక చేసుకున్నాడు. ఇంకో మాట నోట్లోంచి రాకూడదు. ఆఫీసు అన్నామా, కంపెనీ వాళ్ళతో తగువు. మనసు బాగోలేదన్నామా, పిచ్చివాడని ముద్ర. ఏమీ లేదన్నామా, కేసు. కడుపునొప్పైతే ఎవరికీ ఏ నష్టమూ లేదు."

మీరూ చదివే ఉంటారు. జిల్లా పేజీలో ఓ మూల రెండు మూడు వాక్యాల్లో వస్తుంది, కడుపునొప్పి తాళలేక ఫలానా వ్యక్తి అని. మన రాష్ట్రాల్లో ఇంతమందికి ఇన్ని కడుపునొప్పులేమిటా అని చిన్నప్పుడు నాకు ఆశ్చర్యంగా ఉండేది. పెద్దయ్యాక అర్థమైంది. మొగుణ్ణి గానీ, అప్పులవాణ్ణి గానీ, ఆఫీసును గానీ వేలెత్తి చూపించని జబ్బు అదొక్కటే. చెప్పేవాళ్ళకు పరువు దక్కుతుంది, రాసేవాళ్ళకు పని తగ్గుతుంది.

హెడ్డుగారు మధ్యాహ్నం వచ్చారు. ఖాకీ ప్యాంటు మీద గళ్ళ చొక్కా, చేతిలో ఓ గుడ్డసంచీ. టోపీ లేదు, లాఠీ లేదు. మావయ్య ఆయన్ని ఆసుపత్రి బాయ్ అనుకుని, "ఇదిగో బాబూ, ఓ వాటర్ బాటిల్ పట్రా" అన్నాడు. ఆయన మారుమాట లేకుండా వెళ్ళి బాటిల్ తెచ్చి ఇచ్చి, "నేను స్టేషన్ల హెడ్డును సార్" అన్నారు. ఆ పరిస్థితిలో కూడా నాకు నవ్వొచ్చింది. మావయ్య మొహం చూడాల్సింది.

గదిలోకి వచ్చి ఆయన చేసిన మొదటి పని స్టూలు జరపడం. మంచానికి అవతల గోడవార ఉన్న స్టూలును ఎత్తి, తలుపుకూ మంచానికీ మధ్య వేసుకున్నారు. తలుపుకు వీపు పెట్టి కూర్చున్నారు. ఆ తలుపుకు అద్దం బిళ్ళ ఉంది. పక్క గదుల వాళ్ళు, వాళ్ళను చూడ్డానికొచ్చిన చుట్టాలు పొద్దున్నుంచీ అందులోంచి తొంగిచూస్తూనే ఉన్నారు. పోలీసు వచ్చాడని తెలిసి ఇంకా ఎగబడ్డారు. మేం పారిపోకుండా అడ్డంగా కూర్చున్నాడు కాబోలు అనుకున్నాన్నేను. బయటివాళ్ళకు తమ్ముడి మొహం కనబడకుండా కూర్చున్నారని తెలియడానికి కొంతసేపు పట్టింది.

"తిన్నవా బిడ్డా?" అన్నారు తమ్ముడితో.

వాడు గోడవైపు తిరిగాడు.

"రాత్రి పన్నవా? నిద్ర పట్టిందా?"

అమ్మ ముందుకొచ్చి చేతులు జోడించింది. "అన్నయ్యగారూ, వాడికి కడుపునొప్పండి. చాన్నాళ్ళ నుంచీ ఉందండి..."

"అక్కా, నేను నీ కొడుకునడిగిన" అన్నారాయన. గొంతులో కోపం లేదు. సంచీలోంచి కాగితాలు కూడా తీయలేదు. ఇంకాసేపు ఊరికే కూర్చుని, "ఇయ్యాల ఏం చెప్పకు. జర పండుకో. రేపొస్త" అని తమ్ముడితో చెప్పి లేచారు. మమ్మల్ని మాత్రం కింద క్యాంటీన్‌కు రమ్మన్నారు.

మావయ్య అక్కడ తన అనుభవమంతా బయటికి తీశాడు. "మీకు తెలియందేముంది హెడ్డుగారూ. పిల్లాడి భవిష్యత్తు. ఆత్మహత్యాయత్నం కింద మూడు వందల తొమ్మిది సెక్షన్ పెట్టారంటే జైలు, కోర్టు, ఉద్యోగం సంగతి సరే సరి..."

"ఆ సెక్షన్ పుస్తకంల ఉన్నది సార్, కాదంటలే. గానీ మెంటల్ హెల్త్ చట్టమొచ్చినంక దాని పనైపోయింది. గిట్ల చేసుకున్నోడు మస్తు తిప్పలల ఉండే చేసుకున్నడని అనుకోవాలె, శిక్ష వెయ్యొద్దు, పైంగ సర్కారే ఆన్ని అర్సుకోవాలె అని రాసిండ్రు."

"మరి మీరెందుకొచ్చినట్టు?"

"ఎవడన్న సతాయించిండా, కొట్టిండా, తెల్సుకోవాలె గద సార్. ఆ పిలగాన్ని పట్కపోనీకి రాలే."

"అయితే ఇంకేం, కడుపునొప్పని ఒక్క ముక్క రాసేస్తే మీకూ మాకూ..."

"రాసిన సార్" అన్నారు హెడ్డుగారు. "చానా రాసిన."

ఆయన టీ చల్లారిపోయింది. అలా వదిలేసి చెప్పారు. చాలా ఏళ్ళ కిందట, వేరే స్టేషన్లో ఉన్నప్పుడు, హాస్టల్లో ఉండి చదువుకునే ఒక అమ్మాయి. ఇలాగే బతికింది. తల్లిదండ్రులు ఊరి నుంచి వచ్చి కాళ్ళమీద పడ్డంత పని చేశారు. ఆడపిల్ల, పెళ్ళి కావాల్సిన పిల్ల. ఈయన జాలిపడి కడుపునొప్పి అని రాశారు. పోలీసు కాగితంలో ఆ మాట ఉంది, తల్లిదండ్రులూ అదే చెబుతున్నారు, ఇంక ఆసుపత్రివాళ్ళు కూడా లోతుకు పోలేదు. ఒళ్ళు బాగుచేసి, గ్యాస్ బిళ్ళలు రాసిచ్చి పంపించారు. ఆ పిల్లను దేనికి ఏడుస్తున్నావమ్మా అని అడిగినవాళ్ళు లేరు.

"కొన్ని దినాలకే మళ్ళ ఫోనొచ్చింది. ఈసారి వాంగ్మూలానికి గాదు, పంచనామాకు. వాళ్ళ నాయిన గోడకు కూసున్నడు. ఏమైందని అడిగిన. కడుపునొప్పి సార్ అన్నడు. నేను నేర్పిన మాటే నాకు చెప్పిండు."

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"కడుపునొప్పని రాస్తే డాక్టరు కడుపే చూస్తడు అక్కా" అన్నారు హెడ్డుగారు లేస్తూ. "దాచిపెట్టినదానికి మందెట్ల రాస్తడు?"

ఆ మాట తర్వాత చాలాసార్లు విన్నాను ఆయన నోట. ఆరోజు వింటే మాత్రం చెంప మీద కొట్టినట్టుంది.

మర్నాడు చెప్పిన మాట ప్రకారం వచ్చారు. మమ్మల్ని బయట కూర్చోబెట్టి స్టూలు మళ్ళీ అక్కడే వేసుకున్నారు. అద్దం బిళ్ళలోంచి నాకు కనబడిందల్లా ఆయన వీపు. గళ్ళ చొక్కా వెనక చెమటతో తడిసి అంటుకుపోయిన వీపు. వాడేం చెప్పాడో, ఆయనేం రాశారో నేనెప్పుడూ చదవలేదు. చాలాసేపటికి లోపలి నుంచి ఏడుపు వినబడింది. చిన్నప్పుడు సైకిల్ మీంచి పడితే ఏడ్చినట్టు, పెద్దగా. అమ్మ లేవబోతే నేనే పట్టుకుని ఆపాను. ఆ ఏడుపు ఆపకూడదని ఎందుకో నాకు గట్టిగా అనిపించింది.

తర్వాత వాడే చెప్పాడు, చాలా నెలలుగా నిద్ర లేదట. పొద్దున లాప్‌టాప్ తెరవాలంటే చేతులు వణికేవట. కాల్‌లో అందరి ముందూ వాళ్ళ మేనేజర్ తిడుతుంటే మ్యూట్‌లో పెట్టుకుని ఏడ్చి, మళ్ళీ మైక్ ఆన్ చేసి సారీ చెప్పేవాడట. మాకు ఫోన్ చేసి మాత్రం "బానే ఉన్నా" అనేవాడు. ఇంత బాగా అబద్ధం చెప్పగలడని మాకు తెలియదు.

కాగితం రాయడం అయ్యాక హెడ్డుగారు వెళ్ళిపోలేదు. మానసిక వైద్యుడు చూసేదాకా వాణ్ణి డిశ్చార్జ్ చేయొద్దని డ్యూటీ డాక్టర్ దగ్గర కూర్చున్నారు. ఆ డాక్టర్ రోజూ రారు, బయట చూపించుకోమని రాస్తాం అన్నారు వాళ్ళు. "ఆయన చూసి రాసియ్యకపోతే నా కాగితం పూర్తిగాదు. మీరే ఎస్సై సార్‌తోని మాట్లాడుండ్రి" అన్నారీయన. పోలీసు గొడవ ఎందుకని వాళ్ళు సాయంత్రానికల్లా ఎక్కడినుంచో ఆ డాక్టర్ని పిలిపించారు.

"అలాంటి రూలు నిజంగా ఉందాండీ?" అని లిఫ్ట్ దగ్గర అడిగాను.

"లేదు బిడ్డా. గీ అబద్ధం ఆ కడుపునొప్పికన్న నయం గద" అన్నారు. ఆయన నవ్వడం నేను మొదటిసారి చూసింది అప్పుడే.

కేసు లేదు, కోర్టు లేదు. అంతవరకు ఆయన చెప్పినట్టే అయింది. కథ అక్కడితో సుఖాంతమైతే నాకు ఈ నాలుగు ముక్కలు రాయడం ఇంకా తేలికయ్యేది. అలా కాలేదు. సెలవు ఎందుకో చెప్పమని కంపెనీ అడిగింది. డాక్టర్ సర్టిఫికెట్‌లో ఉన్నదున్నట్టు రాశాడు. హెచ్ఆర్ అమ్మాయి ఎంతో తియ్యగా మాట్లాడింది, మీ ఆరోగ్యమే మాకు ముఖ్యం అంది. కొన్నాళ్ళకు వాడిని ప్రాజెక్టులోంచి తీశారు. ఇంకొన్నాళ్ళకు నువ్వే రిజైన్ చేస్తే నీకే మంచిదన్నారు. ఏదో సంబంధం అనుకుంటున్న వాళ్ళు ఎలా తెలుసుకున్నారో, ముహూర్తాలు బాగోలేవని కబురు చేశారు. కడుపునొప్పి అని రాసుంటే ఇవన్నీ జరిగేవా అని అమ్మ పగలంతా గొణుక్కునేది. నాకూ అలాగే అనిపించేది.

ఓరోజు నేరుగా స్టేషన్‌కు వెళ్ళి ఆయన్ని కడిగేశాను. నిజం చెబితే ఏమీ కాదన్నారు కదా, చూడండి ఏమైందో అన్నాను. జీపు పక్కన నిలబడి, నలుగురూ చూస్తుండగానే అరిచాను. ఆయన టీ చెప్పి బెంచీ మీద కూర్చోబెట్టారు.

"ఏం గాదని నేనన్లే బిడ్డా. కేసు గాదన్న" అన్నారు. టీ గ్లాసు నా చేతికిచ్చి, "ఉద్యోగం పోయింది, నిజమే. పోరడున్నడు గద" అన్నారు.

ఓదార్పనుకునేరు. ఆయన మొహంలో ఓదార్చే ధైర్యమేమీ లేదు. తల కిందికి వేసుకుని చెప్పారు. "జైల్ల ఎయ్యొద్దని చట్టం రాయనీకి వచ్చింది వాళ్ళకు. నౌకరీల కెల్లి తియ్యొద్దని ఎవరు రాయాలె? పోరిని ఇయ్యనన్నోన్ని ఎవరు అడగాలె? నా చేతిల ఉన్నది ఆ కాగితం ఒక్కటే."

ఆ రోజు నా కోపం తగ్గలేదు. ఆయన మీద తర్వాత తగ్గింది గానీ, మిగతాది ఇప్పటికీ అలాగే ఉంది. హైటెక్ సిటీలో అద్దాల మేడల ముందు "మానసిక ఆరోగ్యం మన బాధ్యత" అని బోర్డులు పెట్టి, లోపల రంగురంగుల బ్యాడ్జీలు పంచుతున్నప్పుడల్లా నాకు ఆ హెచ్ఆర్ అమ్మాయి తియ్యటి గొంతు గుర్తొస్తుంది. ఒళ్ళు మండుతుంది.

హెడ్డుగారు మా ఇంటికి రావడం అప్పటినుంచి మొదలైంది. తమ్ముడు ఫ్లాట్ ఖాళీ చేసి నా దగ్గరికి వచ్చేశాడు, అమ్మ కూడా ఇక్కడే ఉండిపోయింది. ఆదివారాలు పాత స్కూటర్ మీద వచ్చేవారాయన. వాళ్ళావిడ చేసిన సర్వపిండి స్టీలు డబ్బాలో తెచ్చేవారు. గిన్నెకు అంటించి కాల్చిన రొట్టెను చూసి అమ్మ మొదట మొహం చిట్లించింది. తర్వాత డబ్బా ఎప్పుడొస్తుందా అని ఎదురుచూసింది. ఆయన మాత్రం మా పులిహోర తిని, "అక్కా, చింతపండంతా మాకే పెట్టినవా ఏంది" అని ఏడిపించేవారు.

తమ్ముణ్ణి "ఇంజనీర్ సాబ్" అని పిలిచేవారు, ఉద్యోగం లేని రోజుల్లో కూడా. వచ్చినప్పుడల్లా మూడే ప్రశ్నలు. తిన్నవా, పన్నవా, మందేసుకున్నవా. ఎందుకు చేశావని ఎన్నడూ అడగలేదు. ధైర్యంగా ఉండమని కూడా అనలేదు. చుట్టాలందరూ వాడికి ధైర్యం చెప్పి చెప్పి చంపుతుంటే, సారు వస్తే ఊపిరి తిరిగినట్టుంటుందక్కా అనేవాడు వాడు.

ఒక ఏడాది బాగానే గడిచింది. వాడికి చిన్న కంపెనీలో ఇంకో ఉద్యోగం దొరికింది. అప్పుడు అమ్మ, పిల్లాడు బాగానే ఉన్నాడు కదా, ఎన్నాళ్ళని ఆ బిళ్ళలు మింగుతాడు, రేపు పెళ్ళివాళ్ళు చూస్తే ఏమంటారని మెల్లగా మాన్పించింది. నాకు చెప్పలేదు. వాడూ చెప్పలేదు. కొన్ని వారాలకు ఒకరోజు పొద్దున నేను ఆఫీసులో మీటింగ్‌లో ఉండగా హెడ్డుగారి నుంచి ఫోన్. "బిడ్డా, ఫికర్ చెయ్యకు. మీ ఇంట్లనే ఉన్న. పిలగాడు నాకు ఫోన్ చేసిండు."

పరిగెత్తుకుని వెళ్ళేసరికి వాడు మంచం మీద మోకాళ్ళు ముడుచుకుని ఉన్నాడు. ఆయన కుర్చీ గుమ్మంలోకి లాక్కుని, హాల్లో ఏడుస్తున్న అమ్మకు వీపు పెట్టి కూర్చున్నారు. వాడికి మళ్ళీ ఆ ఆలోచనలు వచ్చాయి. ఈసారి ఫోన్ తీసి, నాకు బాగాలేదు సార్ అని చెప్పాడు. అంతే జరిగింది. అంతే చాలని ఆయన అన్నారు. మేమంతా కలిసి డాక్టర్ దగ్గరికి వెళ్ళాం. మందులు మళ్ళీ మొదలయ్యాయి, కొన్నాళ్ళు వాణ్ణి ఆసుపత్రిలో ఉంచుకున్నారు. అమ్మ తనను తాను తిట్టుకుంటుంటే, "నీ కొడుకు తనంతట తానే చెప్పిండు అక్కా. గది చూడు. మిగిలింది ఇడ్సిపెట్టు" అన్నారు హెడ్డుగారు.

పాత శిక్షాస్మృతి పోయి కొత్తది వచ్చినప్పటికి ఆయన రిటైరై ఉన్నారు. ప్రభుత్వోద్యోగి మీద ఒత్తిడి తేవడానికి చేస్తే తప్ప, ఆత్మహత్యాయత్నం ఇంక నేరం కాదు, ఆ సెక్షనే తీసేశారు. ఆ సంగతి చెప్పడానికి స్కూటరేసుకుని వచ్చారు. మేమేదో పండగ చేసుకోవాలన్నంత ఉత్సాహంగా తమ్ముడి వీపు తట్టారు. టీ తాగుతూ తాగుతూ ఆయన మొహం వాడిపోయింది.

"గానీ మొన్న మా గల్లీల ఒకామె పోయింది. పేపర్ల ఏమొచ్చిందో ఎర్కేనా? గదే, కడుపునొప్పి" అన్నారు. "సెక్షన్ తీసేసిండ్రు. మాట మాత్రం గట్లనే ఉన్నది."

పోలీసుల సంగతి అడిగితే ఎక్కువ చెప్పేవారు కాదు. ఒక్కసారి మాత్రం, "మా డిపార్ట్‌మెంట్ల గూడ చానా మందికి కడుపునొప్పుంటది బిడ్డా. మా దగ్గరికి ఎవరొస్తరు రాసుకోనీకి?" అన్నారు. అప్పుడు నేను, మీకు నిద్ర పడుతుందా అని ఆయన ప్రశ్నే ఆయన్ని అడిగాను. నవ్వేసి, కొత్తగూడ ఫ్లైఓవర్ మీద ట్రాఫిక్ గురించి మాట్లాడారు. బీపీ బిళ్ళలు సరిగ్గా వేసుకోరని వాళ్ళావిడ ఫిర్యాదు చేస్తుండేది. ఇంతమంది నిద్ర గురించి అడిగిన మనిషి పగలు కూర్చున్నచోటే కునుకు తీసేవారు, మా సోఫాలో కూడా. రాత్రులు ఆయన కళ్ళ ముందు ఎవరెవరు తిరిగేవారో మనకు తెలియదు.

ఆరోజు ఫోన్ వచ్చాక క్యాబ్ క్యాన్సిల్ చేసి ఇంటికి నడిచాను. అమ్మకు వంటింట్లో చెప్పాను. కళ్ళు తుడుచుకుంటూ ఆమె అన్న మొదటి మాట, "వాడికి చెప్పకే."

తమ్ముడు లోపల గదిలో స్నానం చేసి ఆఫీసుకు తయారవుతున్నాడు. మావయ్యకు ఫోన్ చేస్తే ఆయనా అదే అన్నాడు. "ముందు సీరియస్‌గా ఉందని చెప్పండి. లేకపోతే ఊరెళ్ళారని చెప్పి, నెమ్మది మీద చూద్దాం. వాడు తట్టుకోలేడు. మళ్ళీ ఏమన్నా చేసుకుంటే ఎవరిది పూచీ?"

నిజంగానే ఎవరిది పూచీ? వాడు ఆపదలో ఫోన్ చేసే నంబరు ఒక్కటే, ఆ నంబరు ఇక పలకదు. ఆ సంగతి వాడికెలా చెప్పడం? ఊరెళ్ళారన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. ఎంత తేలికైన మాటో. ఒకటి రెండు వారాలు గడిచిపోతాయి. ఆ తర్వాత ఓ ఆదివారం వాడు ఆ నంబరుకు చేస్తాడు. దాచిపెట్టినదానికి మందెట్ల రాస్తడు అన్న మాట నాకు అప్పుడు గుర్తుకు రాలేదంటే అబద్ధం.

ముందు వాడి డాక్టర్‌కు ఫోన్ చేశాను. మామూలు మాటల్లో చెప్పండి, పక్కనే ఉండండి, సాయంత్రం తీసుకురండి అన్నారు. గదిలోకి వెళ్ళి మంచం మీద కూర్చున్నాను.

"హెడ్డుగారు చనిపోయార్రా. పొద్దున. గుండెపోటు."

వాడు చొక్కా గుండీలు పెట్టుకుంటున్నవాడు ఆగిపోయాడు. నా మొహంలోకే చూస్తూ నిలబడ్డాడు. అమ్మ వంటింట్లోంచి వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది.

"నిద్రలోనా?" అన్నాడు.

"కాదు. లేచాక."

మంచం మీద నా పక్కన కూర్చుని ఏడ్చాడు. ఆసుపత్రిలో ఏడ్చినట్టే, పెద్దగా. నేనూ ఏడ్చాను. ఏడుపయ్యాక లేచి వెళ్ళి పొద్దుటి బిళ్ళ వేసుకుని నీళ్ళు తాగాడు. "పదక్కా" అని చెప్పులేసుకున్నాడు.

మసీదుబండ వైపు లోపలి గల్లీలో ఆయన ఇల్లు. షామియానా వేశారు, ఫ్రీజర్ పెట్టెలో ఆయన్ని పడుకోబెట్టారు. గళ్ళ చొక్కా లేదు, తెల్ల గుడ్డ కప్పారు. పాత స్టేషన్ వాళ్ళు కొందరు దండ పట్టుకొచ్చారు. అందులో ఒక ఏఎస్సై మమ్మల్ని చూసి, "మీరెవరమ్మా? సార్‌కు ఏమైతరు?" అని అడిగాడు.

"మేమండీ, ఇక్కడే కొండాపూర్లో..., తెలిసినవాళ్ళమండి" అంది అమ్మ తడబడుతూ.

తమ్ముడు అమ్మ చెయ్యి పట్టుకున్నాడు. "నేను చచ్చిపోదామనుకుని, బతికి ఆసుపత్రిలో ఉన్నప్పుడు వాంగ్మూలం రాసుకోవడానికి వచ్చారండి సారు. అప్పటినుంచి తెలుసు" అన్నాడు.

షామియానా కింద కుర్చీల్లో ఉన్నవాళ్ళందరికీ వినబడింది. అమ్మ తల వంచుకుంటుందనుకున్నాను, వంచుకోలేదు. గోడవార నిలబడ్డ ఒకావిడ, మాకు ముక్కూమొహం తెలియని మనిషి, మా దగ్గరికి వచ్చి, "మా బిడ్డ కాడికి గూడ ఈ సారే వచ్చిండు" అని మెల్లగా చెప్పింది. బిడ్డ ఉందా అని అడగడానికి నాకు నోరు రాలేదు. ఆవిడే, "డిగ్రీ చదువుతుంది" అంది.

హెడ్డుగారి భార్య లోపలి గదిలో చాప మీద కూర్చుని ఉంది. ఏడుపు ఆగిపోయి, గోడకేసి చూస్తోంది. గుమ్మం నిండా జనం. వచ్చినవాళ్ళు వచ్చినట్టు ఆవిడ మొహంలోకి తొంగిచూసి, చుచ్చుచ్చు అని, పక్కవాళ్ళతో ఏదో గుసగుసలాడి వెళ్తున్నారు. తమ్ముడు వాళ్ళను తప్పించుకుని లోపలికి వెళ్ళాడు. గోడవార ఉన్న చిన్న స్టూలును ఎత్తి గుమ్మానికీ ఆవిడకూ మధ్య వేసుకుని, మాకందరికీ వీపు పెట్టి కూర్చున్నాడు.

ఇంకెవరికీ ఆవిడ మొహం కనబడలేదు. నాకు కనబడిందల్లా వాడి వీపు, చెమటకు అంటుకుపోయిన చొక్కా. కాసేపటికి వాడి గొంతు వినబడింది.

"అమ్మా, ఏమన్నా తిన్నారా?"